సబ్‌మెరైన్లు యుద్ధానికేనా? మామూలు జనానికి వాటివల్ల ఉపయోగం ఏంటి?

విశాఖ ఆర్కే బీచ్‌లో కుర్సురా సబ్‌మెరైన్ మ్యూజియం చూసొచ్చాక మీకు మూడు సందేహాలు వచ్చాయని రాశారు. ఆకాశం నిండా శాటిలైట్లు ఉన్న ఈ కాలంలో సబ్‌మెరైన్ దాక్కోవడం సాధ్యమేనా? సముద్రమే లేని వికారాబాద్‌లో నేవీకి స్టేషన్ ఎందుకు? యుద్ధం లేనప్పుడు వీటివల్ల మనలాంటివాళ్లకు ఉపయోగం ఏమైనా ఉందా? నేను నేవీ సబ్‌మెరైన్ విభాగంలో ఎలక్ట్రికల్ వైపు చాలా ఏళ్లు పనిచేసి రిటైరయ్యాను. మొదట కుర్సురా లాంటి ఫాక్స్‌ట్రాట్ రకం బోట్లలో (సబ్‌మెరైన్‌ని మేం బోటు అనే అంటాం), తర్వాత 'కిలో' అనే రకంలో, రెండూ డీజిల్‌వే. అందరికీ తెలిసిన, బయట ప్రచురించిన విషయాల వరకే రాస్తాను. అది చాలు, అందులోనే చెప్పాల్సింది బోలెడు ఉంది.

మీ మూడు ప్రశ్నలకూ మూలం ఒక్కటే. మిలిటరీ సబ్‌మెరైన్‌ని కట్టేది ఎవరికీ కనపడకుండా ఉండడానికి. పౌర అవసరాలకు కట్టేది మనం చూడలేని చోటికి వెళ్లి చూసి రావడానికి. రెండూ నీళ్లలో మునుగుతాయన్న మాటే గాని, వాటి శరీర నిర్మాణం నుంచి లోపల మనుషులు బతికే తీరు దాకా అన్నీ ఈ తేడాలోంచే వస్తాయి.

ముందు దాక్కోవడం సంగతి. కాంతి, రాడార్ తరంగాలు, సెల్‌ఫోన్ సిగ్నల్, ఇవేవీ సముద్రపు నీటిలో దూరం పోవు. ఉప్పు నీళ్లు వాటిని మింగేస్తాయి. కాబట్టి శాటిలైట్ ఎంత గొప్పదైనా వంద మీటర్ల లోతున ఉన్న బోటుని ఫొటో తీయలేదు. నీళ్లలో దూరం పోయేది శబ్దం ఒక్కటే. గాలిలో కంటే నాలుగైదు రెట్లు వేగంగా, సెకనుకు దాదాపు 1,500 మీటర్లు పోతుంది. అందుకే సబ్‌మెరైన్‌కి చెవులే కళ్లు. సినిమాల్లో చూపించే, శబ్దం పంపి ప్రతిధ్వని వినే 'టింగ్... టింగ్' సోనార్‌ని మేం చాలా అరుదుగా వాడతాం. మనం టింగుమనిపిస్తే మనం ఎక్కడున్నామో అవతలివాడికి చెప్పినట్టే. మామూలుగా చేసే పని వినడం. సోనార్ ఆపరేటర్ హెడ్‌ఫోన్ పెట్టుకుని గంటల తరబడి వింటూ ఉంటాడు. ట్రాలర్ ప్రొపెల్లర్ చప్పుడు వేరు, ట్యాంకర్ చప్పుడు వేరు, తీరం దగ్గర రొయ్యల జాతి జీవులు చేసే చిటపటలు వేరు.

ఈ విషయంలో మన బంగాళాఖాతానికి ఒక ప్రత్యేకత ఉంది. గంగ, బ్రహ్మపుత్ర, మహానది, గోదావరి, కృష్ణ తెచ్చి కలిపే మంచినీళ్ల వల్ల పైపొర ఉప్పు తక్కువగా, తేలిగ్గా ఉంటుంది. కింద చల్లని, ఉప్పెక్కువ నీళ్లు. నీళ్లలో ముంచిన కర్ర వంకరగా కనిపించినట్టే, ఈ పొరల మధ్య శబ్దం కూడా వంగిపోతుంది. పైన ఓడ సోనార్ వేసి వెతుకుతున్నా, పొర కింద నక్కిన బోటు దానికి అందకపోవచ్చు. అయితే అదే పొర బోటుని నడిపేవాళ్లకు తలనొప్పి కూడా. సబ్‌మెరైన్ తన బరువు, తాను తోసిన నీటి బరువు సమానంగా ఉండేలా చూసుకుంటూ తేలుతుంది. దాన్నే ట్రిమ్ అంటాం. ఉప్పెక్కువ నీళ్లలోంచి తక్కువ ఉన్న నీళ్లలోకి వచ్చామంటే బోటు ఒక్కసారిగా బరువెక్కి కిందికి దిగిపోతుంది. నది ముఖద్వారాల దగ్గర ఈ టెన్షన్ మరీ ఎక్కువ.

మునగడం గురించి చాలామందికి ఉన్న ఒక అపోహ కూడా చెప్పాలి. మోటార్లు పెట్టి నీళ్లు లోపలికి లాగుతారని అనుకుంటారు. అలా కాదు. బ్యాలస్ట్ ట్యాంకులు కింద తెరుచుకునే ఉంటాయి, లోపలి గాలే నీటిని రాకుండా ఆపుతుంది. పైనున్న వెంట్లు తెరిస్తే గాలి బయటికి పోతుంది, నీళ్లు వాటంతటవే ఎక్కుతాయి. పైకి రావాలంటే వెంట్లు మూసి, సిలిండర్లలో బిగించి దాచిన గాలిని ట్యాంకుల్లోకి వదిలి నీళ్లు తోసేస్తాం. ఆ గాలి అయిపోతే కథ అయిపోయినట్టే, కాబట్టి దాన్ని ప్రాణం లెక్క చూసుకుంటాం.

ఇక నా పని జరిగిన చోటు, బ్యాటరీ. డీజిల్ ఇంజిన్‌కి గాలి కావాలి, నీళ్ల కింద గాలి లేదు. అందుకే లోపల ఉన్నంతసేపు బోటు నడిచేది బ్యాటరీ మీదే. కిలో రకంలో 240 సెల్స్ ఉంటాయి, ఒక్కోటి వందల కిలోల బరువు. కుర్సురాలో మీరు నడిచిన నేల కిందే ఈ సెల్స్ పెట్టే గుంతలు. సెల్స్ మీద నిలబడే ఎత్తు ఉండదు, పడుకుని పాకుతూ పోవాలి. దిగేముందు వాచీ, ఉంగరం, జేబులో చిల్లర, బెల్టు బకిల్, లోహమన్నది ఏదున్నా తీసి పైన పెట్టాల్సిందే. చేతిలోంచి స్పానర్ జారి రెండు టెర్మినళ్ల మధ్య పడితే ఏమవుతుందో ఊహించుకోండి. హైడ్రోమీటర్‌తో ఒక్కో సెల్ రీడింగ్ తీసి పైనున్న మనిషికి అరిచి చెబితే, అతను రాసుకుంటాడు. ఛార్జింగ్ అవుతున్నంతసేపూ హైడ్రోజన్ వస్తూనే ఉంటుంది. గాలిలో అది 4 శాతం దాటితే చిన్న నిప్పురవ్వ చాలు పేలడానికి. అదే సెల్స్‌లోకి సముద్రపు నీళ్లు చేరితే క్లోరిన్ అనే విషవాయువు పుడుతుంది. అందుకే మీటర్ మీద ఎప్పుడూ ఒకరి కన్ను ఉంటుంది.

ఛార్జింగ్ కోసం బోటు పెరిస్కోప్ లోతుకి వచ్చి ఒక గొట్టం పైకెత్తి గాలి పీల్చుకుంటూ డీజిల్స్ నడపాలి. దీన్ని స్నార్ట్ చేయడం అంటారు. ఆ కాసేపు ఇంజిన్ చప్పుడు, పొగ, నీళ్ల మీద తేలే గొట్టం, అన్నీ శత్రువుకి ఆనవాళ్లే. డీజిల్ బోటు బలహీనత అంతా ఇక్కడే ఉంది. మెల్లగా పోతే కొద్ది రోజులు ఆగొచ్చు, వేగం పెంచితే గంటల్లో బ్యాటరీ ఖాళీ. గాలి అవసరం లేకుండా కరెంటు పుట్టించే ఏఐపీ మీద డీఆర్‌డీఓ వాళ్లు ఫ్యూయల్ సెల్ పద్ధతిలో పనిచేస్తున్నది ఈ బాధ తగ్గించడానికే. అణు సబ్‌మెరైన్‌కి ఈ బాధే లేదు. రియాక్టర్‌కి గాలి అక్కర్లేదు, సముద్రపు నీళ్లలోంచే మంచినీళ్లు, ఆక్సిజన్ చేసుకోవచ్చు. తిండి సరుకు ఉన్నన్నాళ్లు కిందే ఉండొచ్చు. మా ఫాక్స్‌ట్రాట్‌లో మాత్రం స్నానం అన్న మాటే లేదు. మంచినీళ్లు తాగడానికీ వంటకే. కొద్ది రోజులకే ఒళ్లు, బట్టలు, దుప్పటి, చివరికి తినే అన్నం కూడా డీజిల్ వాసనే.

యుద్ధంలో దీని ఉపయోగం ఏంటన్నదానికి విశాఖ కంటే మంచి ఉదాహరణ దొరకదు. 1971లో పాకిస్తాన్ తన ఘాజీ సబ్‌మెరైన్‌ని మన విమాన వాహక నౌక విక్రాంత్ కోసం బంగాళాఖాతంలోకి పంపింది. తూర్పు నౌకాదళాధిపతి వైస్ అడ్మిరల్ కృష్ణన్ విక్రాంత్‌ని అండమాన్ వైపు దాచి, అది విశాఖ దగ్గరే ఉన్నట్టు సిగ్నళ్లతో నమ్మించారు. డిసెంబరు 3 అర్ధరాత్రి దాటాక విశాఖ బయట పెద్ద పేలుడు వినిపించింది, ఘాజీ అందులోని 90 మందికి పైగా మనుషులతో మునిగిపోయింది. మన ఓడ ఐఎన్‌ఎస్ రాజ్‌పుత్ వేసిన, నీళ్లలో పేలే డెప్త్ చార్జ్ బాంబులే కారణమని మనవాళ్లు చెబుతారు, లోపలి పేలుడో తమ మైన్లో కారణమని పాకిస్తాన్ వైపు వాదన. కారణం ఏదైనా, అది ఒక్క టార్పెడో కూడా వదల్లేదు. అయినా సరే, అది ఉందన్న ఒక్క అనుమానానికి దేశంలోని ఏకైక విమాన వాహక నౌకని దాచాల్సి వచ్చింది. సబ్‌మెరైన్ అసలు బలం టార్పెడో కంటే ఈ అనుమానంలోనే ఎక్కువ ఉంది.

అదే నెల 9న మనకీ దెబ్బ తగిలింది. గుజరాత్ తీరం అవతల పాకిస్తాన్ సబ్‌మెరైన్ హంగోర్‌ని వేటాడడానికి వెళ్లిన మన యుద్ధనౌక ఖుక్రీని ఆ హంగోరే ముంచేసింది. కెప్టెన్ మహేంద్రనాథ్ ముల్లాతో కలిపి 18 మంది అధికారులు, 176 మంది సిబ్బంది పోయారు. వేటకి వెళ్లిన ఓడే వేటైపోయింది. 1982 ఫాక్‌లాండ్స్ యుద్ధంలో బ్రిటిష్ అణు సబ్‌మెరైన్ కాంకరర్ అర్జెంటీనా క్రూజర్ బెల్‌గ్రానోని ముంచాక, అర్జెంటీనా పెద్ద ఓడలు రేవు వదిలి రాలేదు. ఒక్క దాడితో ఒక నౌకాదళం మొత్తం ఆటలోంచి తప్పుకుంది.

రెండో మిలిటరీ ఉపయోగం ఇంకా బరువైనది, అణు నిరోధం. అణ్వాయుధం ముందుగా మనం వాడం అన్నది మన విధానం. ఆ మాటకి విలువ ఉండాలంటే, ఎదుటివాడు ముందు కొట్టినా మనకి తిరిగి కొట్టే శక్తి మిగలాలి. నేల మీద ఉన్న క్షిపణి స్థావరాలు, విమానాశ్రయాలు ఎక్కడున్నాయో తెలిసిపోతుంది. సముద్రంలో ఎక్కడో తిరుగుతున్న బోటు తెలియదు. అందుకే మన అణు సబ్‌మెరైన్ అరిహంత్. 2009 జులై 26న విశాఖలో నీళ్లలోకి దిగింది, 2016లో సర్వీసులోకి వచ్చింది, 2018 నవంబరులో తొలి నిరోధక గస్తీ పూర్తి చేసినట్టు ప్రధాని ప్రకటించారు. రెండోది అరిఘాత్ 2024 ఆగస్టు 29న విశాఖలోనే చేరింది. నేను దీన్ని యుద్ధయంత్రం అనేకంటే యుద్ధం రాకుండా కాపలా అనే అంటాను. ఆ బోటు విజయవంతంగా పనిచేసిందంటే అర్థం, దాని క్షిపణి ఎప్పటికీ బయటికి రాలేదని.

ఇప్పుడు వికారాబాద్. నీళ్ల కింద దాక్కున్న బోటుకి ఢిల్లీ నుంచి ఆర్డర్ ఎలా చేరాలి? మామూలు రేడియో నీళ్లలోకి దిగదని ముందే చెప్పాను. వీఎల్ఎఫ్ అనే అతి తక్కువ ఫ్రీక్వెన్సీ తరంగాలు మాత్రం పది ఇరవై మీటర్ల దాకా దిగుతాయి. బోటు పైకి రాకుండా పొడవాటి యాంటెన్నా వైరుని వెనక వదిలి వాటిని అందుకుంటుంది. చిక్కేంటంటే ఈ తరంగం పొడవే కిలోమీటర్లలో ఉంటుంది, 20 కిలోహెర్ట్జ్ దగ్గర 15 కిలోమీటర్లు. దాన్ని పుట్టించాలంటే వందల మీటర్ల టవర్లు, వేల ఎకరాల స్థలం కావాలి. తమిళనాడు తిరునల్వేలి జిల్లాలో ఉన్న ఐఎన్‌ఎస్ కట్టబొమ్మన్ టవరు 471 మీటర్లు, దేశంలోనే ఎత్తైన కట్టడాల్లో ఒకటి. అలాంటి రెండో స్టేషనే వికారాబాద్ దగ్గర దామగుండంలో వస్తున్నది. 2024 అక్టోబరు 15న రక్షణ మంత్రి శంకుస్థాపన చేశారు. ఈ తరంగాలు నేల చుట్టూ వేల కిలోమీటర్లు పోతాయి కాబట్టి స్టేషన్ సముద్రం పక్కన ఉండక్కర్లేదు, లోపలికి ఉంటేనే భద్రం. పైగా ఇది ఒకవైపు మాటే. బోటు వింటుంది, జవాబివ్వదు. ఇస్తే దొరికిపోతుంది.

దామగుండం గురించి నా అభిప్రాయం కూడా అడిగారు కాబట్టి చెబుతున్నా. స్టేషన్ అవసరమే. వీఎల్ఎఫ్ ఎక్స్‌రేల్లాంటి రేడియేషన్ కాదు, ఆ భయం ఊళ్లలో అనవసరంగా పెరిగింది. కానీ అడవి గురించి, మూసీ పుట్టే కొండల గురించి, రామలింగేశ్వరస్వామి గుడికి దారి గురించి స్థానికులు అడుగుతున్నవి న్యాయమైన ప్రశ్నలు. దేశభద్రత అన్న మాటతో వాళ్ల నోరు మూయించకూడదు. ఎన్ని చెట్లు పోతాయి, ఎన్ని నాటారు, ఎన్ని బతికాయి అన్నది ఏటా లెక్క చెప్పాలి.

మిలిటరీకీ పౌర అవసరాలకీ మధ్యలో ఉండేది రెస్క్యూ. 2000 ఆగస్టు 12న రష్యా సబ్‌మెరైన్ కుర్స్క్‌లో టార్పెడో పేలి 118 మంది చనిపోయారు. అందులో 23 మంది పేలుడు తర్వాత కూడా చివరి కంపార్ట్‌మెంట్‌లో బతికి ఉన్నారు, వాళ్లని తీసే యంత్రం సమయానికి చేరలేదు. మన దగ్గర 2018 నుంచి డీఎస్ఆర్‌వీ అనే చిన్న రెస్క్యూ సబ్‌మెరైన్ ఉంది. 650 మీటర్ల దాకా దిగి, మునిగిన బోటు హ్యాచ్‌కి అతుక్కుని ఒక్కో విడతలో 14 మందిని తేగలదు. ఒకటి ముంబైలో, ఒకటి విశాఖలో. 2021 ఏప్రిల్‌లో ఇండోనేషియా సబ్‌మెరైన్ నంగ్గాలా 53 మందితో బాలి దగ్గర మునిగినప్పుడు విశాఖ నుంచే పంపారు. అయితే అది పడింది 838 మీటర్ల లోతున, ముక్కలై. ఎవరూ దక్కలేదు. ఆ వారమంతా మాకు ఇక్కడ అన్నం సహించలేదు, ఏ దేశం బోటైనా లోపల ఉన్నది మాలాంటివాళ్లే. 2025 జులైలో విశాఖ హిందుస్తాన్ షిప్‌యార్డులో కట్టిన ఐఎన్‌ఎస్ నిస్తార్ చేరింది. డీఎస్ఆర్‌వీని మోసుకెళ్లే సొంత ఓడ. కొత్త యుద్ధనౌక వచ్చినప్పటికంటే ఇది వచ్చినప్పుడు మాలో చాలామందికి ఎక్కువ సంతోషమైంది.

ఇక మీ అసలు ప్రశ్న, మామూలు జనానికి ఏంటి? ఇక్కడ లోతు గురించి తెలియాలి. ప్రతి 10 మీటర్లకూ ఒక వాతావరణ పీడనం పెరుగుతుంది. 200 మీటర్ల దగ్గర చదరపు మీటరు మీద సుమారు 200 టన్నుల బరువు. మిలిటరీ బోట్లు సాధారణంగా కొన్ని వందల మీటర్ల దగ్గరే ఆగిపోతాయి. అంత పెద్ద గొట్టాన్ని, మనుషులతో టార్పెడోలతో, ఇంకా లోతుకి తట్టుకునేలా కట్టడం కష్టం, అవసరమూ తక్కువే. పరిశోధన వాహనం దీనికి పూర్తిగా వేరు. ముగ్గురు పట్టే చిన్న గోళం, మందమైన గోడ, గోడకి కిటికీలు. చెన్నైలోని సముద్ర సాంకేతిక సంస్థ ఎన్ఐఓటీ వాళ్ల మత్స్య 6000 సరిగ్గా అదే. 2.1 మీటర్ల వ్యాసం, 80 మిల్లీమీటర్ల మందం ఉన్న టైటానియం గోళం, లక్ష్యం 6,000 మీటర్లు. 2025 మొదట్లో కాట్టుపల్లి రేవులో దాన్ని తక్కువ లోతు నీళ్లలో దించి పరీక్షించారు. అంతకన్నా లోతుకి మనిషి 1960లోనే వెళ్లొచ్చాడు. ట్రియెస్ట్ అనే వాహనంలో ఇద్దరు మరియానా అగాధం అడుగుకి, దాదాపు 10,900 మీటర్లు దిగారు.

అమెరికా పరిశోధన సబ్‌మెరైన్ ఆల్విన్ కథ చదవండి, పౌర సబ్‌మెరైన్ విలువ అర్థమవుతుంది. 1966లో స్పెయిన్ దగ్గర సముద్రంలో పడ్డ హైడ్రోజన్ బాంబుని వెతికి పట్టుకుంది. 1977లో గాలపగోస్ దగ్గర సముద్రం అడుగున వేడి నీటి ఊటలు, వాటి చుట్టూ ఎండ అవసరమే లేకుండా బతుకుతున్న జీవాలు కనిపించింది అందులోంచే. జీవశాస్త్ర పుస్తకాలు మార్చుకోవాల్సి వచ్చింది. నా దృష్టిలో సబ్‌మెరైన్ చేసిన అతి గొప్ప పని అది.

మనిషి లేకుండా కేబుల్‌తో నడిపే ఆర్ఓవీలు ఇంకా ఎక్కువ పనికొస్తున్నాయి. 1985లో ఐర్లాండ్ అవతల కూలిన ఎయిరిండియా కనిష్క బ్లాక్‌బాక్సులను దాదాపు 2,000 మీటర్ల లోతు నుంచి తెచ్చింది స్కారాబ్ అనే ఆర్ఓవీ. కాకినాడ అవతల కేజీ బేసిన్‌లో కొన్ని గ్యాస్ బావులు 2,000 మీటర్లకు పైగా లోతున ఉన్నాయి. అక్కడికి డైవర్ వెళ్లలేడు. వాల్వు తిప్పాలన్నా, పైపు చూడాలన్నా ఈ రోబోలే దిక్కు. ఇంటర్నెట్ మోసే సముద్రపు కేబుళ్లను పూడ్చడానికి, బాగుచేయడానికి కూడా ఇవే.

మీకు మరీ దగ్గరిది ఇంకోటి ఉంది. హైదరాబాద్‌లో ఇన్‌కాయిస్ అనే సంస్థ ఉంది, సునామీ హెచ్చరికలు, చేపలు ఎక్కడ దొరుకుతాయో చెప్పే సమాచారం అక్కడి నుంచే వస్తాయి. వాళ్లు వాడే ఆర్గో ఫ్లోట్లు 2,000 మీటర్ల దాకా మునిగి, దాదాపు పది రోజులకోసారి పైకి తేలి, నీటి వేడి, ఉప్పు లెక్కలు శాటిలైట్‌కి పంపుతాయి. లోపలి నూనెను ఒక తిత్తిలోకి పంపి తన పరిమాణం పెంచుకుంటే తేలుతుంది, వెనక్కి లాగితే మునుగుతుంది. సబ్‌మెరైన్ సూత్రమే. తుపాను బలపడుతుందా లేదా అనేది సముద్రం పైపొరలో ఎంత వేడి దాగుందన్నదాని మీద చాలావరకు ఆధారపడి ఉంటుంది. శ్రీకాకుళంలో వేటకి వెళ్లొద్దని ముందే చెప్పగలుగుతున్నామంటే దాని వెనక ఈ లెక్కలు కూడా ఉన్నాయి. మిలిటరీ నుంచి కూడా సైన్స్‌కి సాయం అందింది. ఆర్కిటిక్ మంచు కింద తిరిగిన అమెరికా అణు సబ్‌మెరైన్లు కొలిచిన మంచు మందం లెక్కల్ని తర్వాత శాస్త్రవేత్తలకి ఇచ్చారు, మంచు పలచబడుతోందని తేల్చడానికి అవి బాగా ఉపయోగపడ్డాయి.

టూరిజం గురించి మాత్రం నాకు అంత ఉత్సాహం లేదు. పదుల మీటర్ల లోతులో, పగడపు దిబ్బలు చూపించే పర్యాటక సబ్‌మెరైన్లు చాలా దేశాల్లో ఏళ్లుగా నడుస్తున్నాయి, మంచివే. కానీ 2023 జూన్ 18న టైటానిక్ చూడబోయిన టైటన్ అనే చిన్న సబ్‌మెరైన్ ఐదుగురితో నలిగిపోయింది. గొట్టం కార్బన్ ఫైబర్, స్వతంత్ర సంస్థతో సర్టిఫికెట్ చేయించుకోలేదు. లోతు దగ్గర షార్ట్‌కట్ ఉండదు. ఎవరైనా మిమ్మల్ని అలాంటి దాంట్లోకి పిలిస్తే, ముందు సర్టిఫికెట్ అడగండి. చూపించలేకపోతే టికెట్ ఎంత తక్కువైనా ఎక్కకండి.

మీ తమ్ముడికి ఇందులో చేరాలని ఉందని చివర్లో రాశారు. ముందు నేవీలో చేరాలి, ఆ తర్వాత సబ్‌మెరైన్‌కి వాలంటీర్ అవ్వాలి. మెడికల్ గట్టిగా ఉంటుంది. చెవులు, సైనస్ బాగుండాలి, ఇరుకు చోట భయపడకూడదు. ట్రైనింగ్ విశాఖలోని ఐఎన్‌ఎస్ శాతవాహనలో, మునిగిన బోటులోంచి తప్పించుకోవడం కూడా నేర్పుతారు. తర్వాత బోటు మీద ప్రతి వాల్వు, ప్రతి పైపు ఎక్కడుందో లైటు లేకుండా చేత్తో తడిమి చూపించగలిగితేనే సబ్‌మెరైన్ వాళ్ల గుర్తయిన డాల్ఫిన్ల బ్యాడ్జి ఇస్తారు. ఎలక్ట్రికల్ వాడికి టార్పెడో ట్యూబు తెలియాలి, వంటవాడికి ఎమర్జెన్సీ గాలి వాల్వు తెలియాలి. గణితం, ఫిజిక్స్ ఇప్పటినుంచే గట్టిగా చదువుకోమనండి. కోర్సు గురించి ఇంకేమైనా సందేహాలుంటే అడగండి, తెలిసినంత చెబుతాను.